ఫైరింజన్ వచ్చేలోగా

చి.సౌ. సుజాతకు,

పెదనాన్న ఆశీస్సులు. గ్రామ సమాఖ్య సమావేశంలో సంఘాల వాళ్లకు అగ్నిప్రమాదాల గురించి, తుఫాన్ల గురించి ఏం చెప్పాలో రాసి పంపమన్నావు. ఎండలు ముదరకముందే అడిగినందుకు చాలా సంతోషించాను. అగ్నిమాపక శాఖలోనే ఉద్యోగమంతా గడిపిన వాణ్ణి కనుక చెప్పవలసింది చాలానే ఉంది. కరపత్రాల్లో ఉండేది మళ్లీ రాయను. మన కోనసీమలో ఏ కాలానికి ఏ ముప్పు వస్తుందో, దానికి మన ఊరు ముందుగా ఏం చేసుకోవాలో అంతవరకే రాస్తాను.

తాటాకు ఇల్లు అంటుకుంటే కప్పు కూలడానికి 10 నిమిషాలు చాలు. ఫోను అందగానే ఫైరింజన్ బయలుదేరినా, కాలువ గట్ల మీది ఇరుకు రోడ్లు, వంతెనలు దాటి మన ఊరు చేరేసరికి అంతకు రెండు మూడు రెట్ల సమయం పడుతుంది. సిబ్బంది ఎంత చురుకైన వాళ్లయినా ఆ దూరం తగ్గదు. కాబట్టి వాళ్లు వచ్చి కాపాడేది రెండో వరస ఇళ్లను. మొదటి ఇంట్లో మనుషులు బయటపడటం, పక్కింటికి మంట పాకకుండా ఆగటం ఊరి చేతిలోనే ఉంటాయి. నీ సమాఖ్య పని అంతా ఆ కాసేపటి కోసమే అనుకో.

అసలు నిప్పు ఎక్కడ పుడుతుందో ముందు చూడు. గ్యాస్ వచ్చాక కట్టెల పొయ్యిలు పోయాయని అందరూ అంటారు. పెరట్లో స్నానాలకు నీళ్లు కాచే పొయ్యి ఇంకా చాలా ఇళ్లలో ఉంది. ఉదయం ఆ పొయ్యిలోని బూడిద తీసి వెనక దిబ్బ మీద పోస్తారు. పైకి చల్లారినట్టు కనిపించినా లోపల నిప్పు కణికలు ఉంటాయి. మధ్యాహ్నం పడమటి గాలి లేచేసరికి అవి రాజుకుంటాయి. బూడిద మీద చెంబెడు నీళ్లు పోసి, కలియబెట్టి, మళ్లీ పోశాకే బయట వేయాలి. ఈ ఒక్క అలవాటు ప్రతి ఇంటికీ చేర్పించగలిగితే నువ్వు సగం పని చేసినట్టే. కట్టెల పొయ్యి మీద వండుకునే వాళ్లు మార్చి నుంచి జూన్ తొలకరి వరకు ఉదయం 9 గంటలకే వంట ముగించి పొయ్యి ఆర్పేయాలి. రోహిణీ కార్తెలో అయితే ఇంకా ముందే.

రెండోది కరెంటు తీగ. సర్వీసు వైరు తాటాకు చూరును రాసుకుంటూ పోయే ఇళ్లు ఎన్ని ఉన్నాయో ఒక సాయంత్రం వీధులన్నీ తిరిగి రాసుకో. గాలికి తీగలు ఒకదానికొకటి తగిలి రవ్వలు రాలే చోట్లు కూడా గుర్తించు. ఆ జాబితా లైన్‌మన్‌కు ఇచ్చి, పని కాకపోతే 1912కు ఫిర్యాదు చేయించు. దాళ్వా కోత అయ్యాక గడ్డివాములు ఎక్కడ వేస్తున్నారో చూడు. తీగల కింద వద్దు, పశువుల పాకను ఆనించి అసలే వద్దు. కొబ్బరి డొక్కల గుట్టలు, పీచు గుట్టలు ఇంకా మొండివి. పైన ఆరిపోయినా లోలోపల మగ్గుతూ మర్నాడు మళ్లీ అంటుకుంటాయి. అలాంటి గుట్ట కాలితే పాయలుగా విడదీసి, లోపలి దాకా తడిపి, రాత్రంతా ఒకరు కాపలా ఉండాలి.

ఇక నీళ్ల సంగతి. దీని మీద కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఊళ్లు మోసపోయేది ఇక్కడే. ఏడాదంతా కాలువ పక్కనే పారుతుంటే నీళ్లకు కొరతేమిటి అనిపిస్తుంది. కానీ ఇళ్లు ఎక్కువగా కాలిపోయే ఏప్రిల్, మే నెలల్లోనే కాలువలు కట్టేస్తారు. అందుకని కట్టేయకముందే చెరువు నిండేలా పంచాయతీని అడగాలి. ఓవర్‌హెడ్ ట్యాంకు ఉదయం నీళ్లు వదలగానే ఖాళీ అవుతుంది, మళ్లీ సాయంత్రం నింపుతారు. మంటలు లేచేది ఆ మధ్యలోనే. వేసవి మూడు నెలలూ మధ్యాహ్నం 12 గంటలకల్లా ట్యాంకు నిండి ఉండేలా ఆపరేటర్‌తో మాట్లాడు. ఇంకొక చిక్కు ఉంది. మంట లేవగానే కరెంటు తీసేస్తారు, తీసేయాలి కూడా. దాంతో మోటార్లన్నీ ఆగిపోతాయి. అప్పుడు పనికొచ్చేది రైతుల దగ్గరుండే డీజిల్ ఇంజను. ఎవరి దగ్గర పనిచేసే ఇంజను ఉందో, చెరువు నుంచి మన పాకల వరస దాకా సరిపడే గొట్టం ఎవరి దగ్గరుందో రాసుకుని, ఒకసారి నడిపించి చూడు. చేలకు మందు కొట్టే పవర్ స్ప్రేయర్లు కూడా ఉపయోగపడతాయి. కాలే ఇంటిని అవి ఆర్పలేవు గానీ పక్కింటి కప్పును తడపడానికి చాలు. వాడే ముందు ట్యాంకు శుభ్రంగా కడిగి ఉండాలి.

గాలి వాలున ఉన్న రెండో ఇంటి కప్పును లాగేయడం పాతకాలం పద్ధతి. ఇప్పటికీ దానికి మించింది లేదు. పొడవాటి గడలకు ఇనుప కొక్కేలు బిగించి వీధికి రెండు చొప్పున అందరికీ తెలిసిన చోట ఉంచండి. తమ కప్పు లాగితే ఇంటివాళ్లు గొడవపడతారు, అది సహజం. ఆ మాట ఇప్పుడే సంఘాల్లో మాట్లాడి, లాగిన కప్పును ఊరంతా కలిసి మళ్లీ వేసిస్తామని తీర్మానం రాసుకోండి.

మంట చూడగానే అందరూ ఒకే చోటికి పరుగెత్తుతారు. ఎవరి పని వాళ్లకు ముందే అప్పగించు. ఒకరు 101కి గాని 112కి గాని ఫోను చేసి ఊరి పేరు, మండలం, దగ్గరి గుర్తు, కాలుతున్నది ఇల్లా, గడ్డివామా అన్నది చెప్పాలి. అవతలివాళ్లు చాలు అనేవరకు ఫోను పెట్టేయకూడదు. ఒకరు లైన్‌మన్‌కు చెప్పి సరఫరా ఆపించాలి. ఒక కుర్రవాడు ప్రధాన రోడ్డు మలుపు దగ్గర నిలబడి ఫైరింజన్‌కు దారి చూపాలి. మా రోజుల్లో ఊరి దాకా వచ్చి వీధి తెలియక తిరగవలసి వచ్చిన సందర్భాలు ఉండేవి. మంచం పట్టిన వృద్ధులు ఏ ఇంట్లో ఉన్నారో ఇద్దరు ముగ్గురికి కచ్చితంగా తెలిసుండాలి. పశువులను జారుముడితో కట్టమను, ఒక్క లాగుతో విడిపోవాలి. బయటికి వచ్చినవాళ్లు పట్టాదారు పుస్తకం కోసమో, పుస్తెల తాడు కోసమో మళ్లీ లోపలికి వెళ్లకూడదు. ఇది నువ్వు గట్టిగా, పదే పదే చెప్పాలి. కాగితాల నకళ్లు ప్లాస్టిక్ కవరులో పెట్టి డాబా ఉన్న బంధువుల ఇంట్లో ఉంచుకుంటే ఆ ఆరాటమే ఉండదు.

గ్యాస్ గురించి చాలామందికి తెలియని ముఖ్యమైన సంగతి, వంటగ్యాస్ గాలికన్నా బరువైనది. లీకైతే పైకి పోదు, నేల మీద పరుచుకుని మూలల్లో నిలుస్తుంది. వాసన రాగానే రెగ్యులేటర్ కట్టేసి, తలుపులూ కిటికీలూ తెరిచి, అందరూ బయటికి రావాలి. లైటు వేయకూడదు, వెలుగుతున్నది ఆర్పకూడదు. స్విచ్చిలో పుట్టే చిన్న రవ్వ చాలు. ఫోను కూడా బయటికి వచ్చాకే చేయాలి. లీకుల సహాయ నంబరు 1906, పగలూ రాత్రీ పనిచేస్తుంది. రబ్బరు గొట్టం అయిదేళ్లకు మించి వాడకూడదు. సిలిండర్ మెడ దగ్గర అక్షరం, అంకె ఉంటాయి. బి-28 అని ఉంటే 2028 జూన్ లోపు పరీక్ష చేయించాలని అర్థం. ఎ అంటే మార్చి, సి అంటే సెప్టెంబరు, డి అంటే డిసెంబరు. గడువు దాటినది తెస్తే తీసుకోవద్దని చెప్పు. బాండీలో నూనె అంటుకుంటే నీళ్లు పోయకూడదు, పొయ్యి కట్టేసి మూత బోర్లించాలి.

ఒంటి మీద బట్టలు అంటుకుంటే పరుగెత్తకూడదు. నేల మీద పడి దొర్లాలి, లేదా ఎవరైనా నూలు దుప్పటి చుట్టాలి. ఆ తరువాత కాలిన చోట 20 నిమిషాల పాటు మామూలు నీళ్లు ధారగా పోయాలి. పేస్టు, సిరా, పసుపు ఏదీ పూయకూడదు. శుభ్రమైన బట్ట కప్పి 108కి ఫోను చేయాలి.

డాబాలు కట్టుకున్న వాళ్లు ఇదంతా తమకు కాదనుకుంటారు. వాళ్ల ముప్పు వేరు, వాళ్లకు పొగ ప్రమాదం. హైదరాబాద్‌లో గుల్జార్ హౌస్ దగ్గర 2025 మే 18న 17 మంది చనిపోయారు. ఆ ఇంట్లోకి వెళ్లడానికి, రావడానికి ఇరుకైన దారి ఒక్కటే. అంతకుముందు 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూములో మంటలు లేస్తే, పైనున్న లాడ్జిలో 8 మందిని పొగ మింగింది. మన ఊళ్లో కూడా కిటికీలన్నిటికీ ఇనుప ఊచలు, ఒకే మెట్ల దారి, ఆ మెట్ల కిందే స్కూటర్ ఛార్జింగు! కనీసం ఒక కిటికీ ఊచలు లోపలి నుంచి తెరుచుకునేలా గడియ పెట్టించుకోమను. స్కూటర్‌ను రాత్రంతా గుమ్మం దగ్గర ఛార్జింగులో ఉంచవద్దను. పొగలో చిక్కితే నిలబడి నడవకూడదు, నేలకు వంగి పాకుతూ రావాలి.

మన సీమలో భూమి కింద గ్యాస్ పైపులు ఉన్నాయని మరవకు. 1995 జనవరిలో పాశర్లపూడి బావి బద్దలై రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం అనే ఊళ్లో పైపులైను పేలి 20 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. బయట గ్యాస్ వాసన వస్తే, మంచు తెరలా తెల్లగా కమ్మినట్టు కనిపిస్తే, పొయ్యి వెలిగించకూడదు, బండి స్టార్టు చేయకూడదు. గాలి ఎటు నుంచి వీస్తోందో చూసి దానికి ఎదురుగానో, అడ్డంగానో నడిచి దూరంగా వెళ్లాలి. పైపులైను గుర్తు రాళ్ల మీద అత్యవసర నంబరు ఉంటుంది. అది ప్రతి సంఘం పుస్తకం అట్ట మీద రాయించు.

దీపావళికి ఇళ్లలో తారాజువ్వలు, చిచ్చుబుడ్లు కూరే వాళ్లను గట్టిగా ఆపు. 2025 అక్టోబరులో మన జిల్లాలోనే రాయవరం మండలంలో బాణసంచా కేంద్రం పేలి ఎన్ని కుటుంబాలు ఏడ్చాయో చూశావు.

వానాకాలంలో గోదావరి మాట. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది ఇస్తారు. లంకలో ఉన్న మనవాళ్లు మూడో హెచ్చరిక కోసం ఎదురుచూడకూడదు. అప్పటికి కాజ్‌వేలు మునిగిపోతాయి. మొదటి హెచ్చరికకు పశువులు, రెండోదానికి మనుషులు గట్టెక్కాలి. 2022 జూలైలో వరద 25 లక్షలు దాటింది. ఉరుము వినిపిస్తే చేలో ఉన్నవాళ్లు పక్కా కట్టడంలోకి వెళ్లాలి, తాటిచెట్టు కిందికి, కొబ్బరిచెట్టు కిందికి కాదు. చివరి ఉరుము తరువాత అరగంట ఆగాలి. పిడుగుల హెచ్చరికకు దామిని యాప్ ఉంది, పిల్లలతో ఫోనుల్లో పెట్టించు.

తుఫానుకు మనం కొత్త కాదు. 1996 నవంబరు 6 రాత్రి వెయ్యి మందికి పైగా పోయారు, కొబ్బరి తోటలు నేలకొరిగాయి. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా నరసాపురం దగ్గర తీరం దాటింది. షెల్టరుకు వెళ్లమంటే ఇల్లు వదలని పెద్దవాళ్లను పగటిపూటే నచ్చజెప్పి తీసుకెళ్లాలి, చీకటి పడ్డాక ఎవరూ కదలరు. నెలలు నిండిన గర్భిణుల జాబితా ఆశా కార్యకర్త దగ్గర తీసుకుని ముందే ఆసుపత్రికి పంపించు. గాలి ఉన్నట్టుండి ఆగిపోతే తుఫాను పోయిందని బయటికి రాకూడదు. అది తుఫాను కన్ను. కొద్దిసేపట్లో ఎదురు దిక్కు నుంచి మళ్లీ విరుచుకుపడుతుంది.

తుఫాను వెళ్లాక కూడా నిప్పు గండం ఉంటుంది. కరెంటు రోజుల తరబడి రాదు, ఇళ్లన్నిటా దీపాలు, కొవ్వొత్తులు వెలుగుతాయి. టార్చిలైట్లు, బ్యాటరీలు ఆశ్వయుజంలోనే కొనిపించు. జనరేటర్‌ను ఇంట్లో గాని వరండాలో గాని నడపకూడదు, దాని పొగలోని విషవాయువు వాసన లేకుండానే చంపుతుంది. తెగిపడిన ప్రతి తీగలోనూ కరెంటు ఉన్నదనే అనుకోవాలి. కరెంటు వచ్చే ముందు తడిసిన బోర్డుల మెయిన్ స్విచ్చి తీసి ఉంచాలి.

ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. 1944లో ఆ తేదీనే బొంబాయి రేవులో ఓడ పేలినప్పుడు ప్రాణాలిచ్చిన మా వాళ్ల జ్ఞాపకార్థం అవి. ఆ వారంలో ఫైర్ స్టేషన్ వాళ్లు అడిగిన ఊరికి వచ్చి ఆర్పడం చేసి చూపిస్తారు. మార్చి మొదట్లోనే సమాఖ్య తరఫున ఉత్తరం ఇవ్వు, పాకల వరసలోనే, మధ్యాహ్నం వేళ పెట్టించమని అడుగు. ఆ రోజు ఇంజను, గొట్టం, కొక్కేలు అన్నీ బయటికి తీసి వాళ్ల ముందే వాడి చూడండి. వీలైతే నేనూ ఆ రోజుకు వస్తాను, మీ పెద్దమ్మ కూడా వస్తానంటోంది.

ట్యాంకు ఆపరేటర్‌తో మాత్రం ఈ వారమే మాట్లాడి, ఏమన్నాడో నాకు ఫోను చేయి.

ఇట్లు,
పెదనాన్న