రైఫిల్ తుడిచే స్టాండు గురించి మేనల్లుడికి

హైదరాబాద్

చిరంజీవి సాకేత్‌కు మేనమామ ఆశీస్సులు.

నీ ఉత్తరమూ, దానితో పంపిన బొమ్మా అందాయి. అమెరికాలో ఎవరో తన పికప్ ట్రక్కు వెనుక ట్రైలర్ తగిలించే చదరపు గొట్టంలోకి ఒక ఇనుప చేయిని దూర్చి, దాని మీద రైఫిల్‌ను పడుకోబెట్టి తుడుచుకుంటున్న ఆ ఏర్పాటు చూస్తే ఎవరికైనా ముచ్చట వేస్తుంది. షూటింగ్ రేంజిలో తుడుచుకోవడానికి ఉన్న ఒక్క బల్ల కోసం పది మంది కాచుకునే రోజుల్లో మన స్టాండు మన బండితోనే వస్తే బాగుంటుందన్న నీ ఆలోచనలో తప్పు లేదు. అరవై షాట్లు కాల్చిన వెంటనే, బ్యారెల్ గోరువెచ్చగా ఉండగానే తుడిస్తే మసి, మైనం సులభంగా వదులుతాయనీ, వానాకాలంలో తడి గాలి పట్టిన గొట్టాన్ని ఇంటికి చేరేదాకా వదిలేయడం మంచిది కాదనీ నేను చెప్పిన మాటలే నీవు తిరిగి నాకు రాశావు. కాబట్టి స్టాండు వద్దని అనను. అయితే ఆ బొమ్మలో ఉన్నట్టు మాత్రం చేయించవద్దు.

అక్కడి ట్రక్కులకు వెనుక రెండు అంగుళాల చదరపు గొట్టం ఉండటం మామూలు సంగతి. మన కార్లకు అది ఉండదు. వెల్డింగ్ చేయించి పెట్టించుకుందామంటే, బండి నిర్మాణాన్ని అనుమతి లేకుండా మార్చడాన్ని 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ఒప్పుకోదు. చట్టం సంగతి పక్కన పెట్టినా నా అసలు అభ్యంతరం వేరు. బండి శరీరం స్ప్రింగుల మీద ఊగే వస్తువు. నా మొదటి స్టాండును నేను పాత జీపు వెనుక కొక్కేనికి బిగించాను. ఒకనాడు తుడిచే రాడ్ సగం రైఫిల్ గొట్టం లోపల ఉండగా ఒక మిత్రుడు వచ్చి, మాట్లాడుతూ మాట్లాడుతూ జీపు వెనుక అంచు మీద కూర్చున్నాడు. జీపు రెండు అంగుళాలు కిందికి దిగింది, స్టాండు దానితో దిగింది, నా చేతిలోని రాడ్ మాత్రం ఉన్నచోటే ఉండి గొట్టం లోపలి గోడను గట్టిగా రాసుకుంది. ఆ రాపిడి వల్ల నష్టం ఎంత జరిగిందో కొలవలేను గానీ, ఆ రోజు నుంచి స్టాండును బండి శరీరానికి తగిలించడం మానేశాను.

ఇప్పుడు నేను వాడేది చక్రం కింద పెట్టే పలక. నేల మీద ఒక ఇనుప పలక వేసి, దాని సగం మీదికి వెనుక చక్రాన్ని ఎక్కించి నిలిపితే, బయట మిగిలిన సగం మీద నిలువు గొట్టం లేస్తుంది. జెండా కర్రలనూ, రేడియో ఏరియళ్ల స్తంభాలనూ ఇలా నిలపడం పాత పద్ధతే. చిన్న కారుకైనా ఒక్కో చక్రం మీద వంద కిలోలకు పైగా బరువు పడుతుంది. ఆ బరువు పలకను నేలకు అదిమి పట్టుకుంటుంది. కారులో ఎవరు ఎక్కినా దిగినా పైన శరీరం ఊగుతుందే తప్ప పలక కదలదు. పైగా కారుకు ఒక్క రంధ్రం కూడా పడదు, రేపు బండి మార్చినా స్టాండు మార్చనక్కరలేదు.

పలకకు 8 మిల్లీమీటర్ల మందం ఉండాలి. 450 మిల్లీమీటర్ల పొడవు, 250 వెడల్పు సరిపోతాయి, బరువు ఏడు కిలోలు వస్తుంది. పొడవు కారుకు అడ్డంగా ఉండేటట్టు వేసి, సుమారు 200 మిల్లీమీటర్లు చక్రం కిందికి పోనివ్వాలి. 6 మిల్లీమీటర్ల పలకతో డబ్బు ఆదా చేద్దామని వెల్డరు అంటాడు, వినవద్దు. బ్రష్‌ను వెనక్కి లాగేటప్పుడు పడే బలం మీటరు ఎత్తున పడుతుంది కాబట్టి, ఆ పట్టుకు పలుచటి పలక మెలితిరిగి పైన స్టాండు తల ఊపుతుంది.

ఇక ఈ పని మొత్తంలో నేను అన్నిటికన్నా ఎక్కువ పట్టుదలగా ఉండేది గొట్టాల జోడింపు దగ్గర. నిలువు గొట్టం ఊడదీయడానికి వీలుగా ఉండాలి, లేకపోతే డిక్కీలో పట్టదు. అందుకు పలక మీద ఒక పెద్ద గొట్టపు ముక్కను నిలబెట్టి వెల్డింగ్ చేసి, అందులోకి చిన్న గొట్టాన్ని దింపాలి. నిలువుకు 40 మిల్లీమీటర్ల చదరపు గొట్టం, 3 మిల్లీమీటర్ల మందంతో తీసుకో. కింది ముక్కకు 50 మిల్లీమీటర్ల గొట్టం కావాలి, కానీ దాని మందమే కీలకం. మూడు మిల్లీమీటర్ల మందమైతే లోపల 44 ఖాళీ ఉంటుంది, చిన్న గొట్టం గిలక్కాయలా ఆడుతుంది. అయిదైతే లోపల సరిగ్గా 40 మిగులుతుంది, అసలు దిగదు. నాలుగు మిల్లీమీటర్ల మందమైతే 42 వస్తుంది, అదే కావలసింది. అయినా మొదటిసారి దిగదు, ఎందుకంటే గొట్టం లోపల పొడవునా వెల్డింగ్ గీత ఉబ్బుగా ఉంటుంది. దాన్ని ఆకురాయితో నున్నగా అరగదీయాలి. ఈ పని దుకాణంలో ఎవరూ చేయరు, నీవే కూర్చుని చేసుకోవాలి. పెద్ద ముక్క పొడవు 250 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. దాని పక్కపక్కనున్న రెండు ముఖాలకు చెరొక 11 మిల్లీమీటర్ల రంధ్రం వేయించి, పైన 10 మిల్లీమీటర్ల (ఎం10) నట్లు వెల్డింగ్ చేయిస్తే, రెండు బోల్టులు లోపలి గొట్టాన్ని ఎదుటి మూలలోకి నొక్కి ఆ మిగిలిన సందును మింగేస్తాయి. పలకలో సరిగ్గా ఆ ముక్క మధ్యన ఒక చిన్న రంధ్రం పెట్టించడం మరచిపోకు. లేకపోతే వాన నీరు, మన ఎర్రమట్టి అందులో చేరి రెండో ఏడాదికి గొట్టాన్ని తుప్పుతో అతికించేస్తాయి.

గొట్టాలు రాణిగంజ్ ఇనుప దుకాణాల్లో తూకానికి ఇస్తారు. ఇరవై అడుగుల పూర్తి గొట్టం కొనవద్దు, కత్తిరించగా మిగిలిన ముక్కలు అడుగు. వెల్డింగ్‌కు బాలానగర్ దాకా వెళ్లాల్సిన అవసరం లేదు, గేట్లూ గ్రిల్స్ చేసే మీ వీధి షాపు చాలు. కాకపోతే మూలమట్టం నీవే పట్టుకుని వెళ్లు. ముందు నాలుగు చోట్ల చుక్కలు పెట్టించి, మట్టం చూసి, ఆ తరువాతే పూర్తి వెల్డింగ్‌కు ఒప్పుకో, వేడికి గొట్టం ఒక పక్కకు లాగేస్తుంది.

నిలువు గొట్టం మీద 750 మిల్లీమీటర్ల అడ్డ దూలం ఒకటి, అది కారుకు సమాంతరంగా ఉండాలి. రైఫిల్ గొట్టం నీ మోచేతి ఎత్తున ఉండేటట్టు నిలువును కోయించు. దూలానికి రెండు చివరలా రెండు ఊతలు వస్తాయి. వాటిని ఇనుముతో చేయించకు. వడ్రంగి దగ్గర మిగిలిన టేకు ముక్కలు తీసుకుని ‘యు’ ఆకారంలో కోయించు. ముందు ఊత రైఫిల్ కలప భాగమైన స్టాక్ ముంగిట కిందే ఉండాలి, బ్యారెల్ కింద ఎన్నడూ కాదు. వెనుక ఊతను దూలం మీద జరిపేటట్టు పెట్టి రెక్కల నట్టుతో బిగించు, నీ రైఫిల్‌కూ నా రైఫిల్‌కూ పొడవు ఒకటి కాదు కదా. ఊతల లోపల రెక్సిన్ అంటించిన వాళ్లను చూశాను, నేనూ అంటించాను. మసి కరిగించే ద్రవం, అదే సాల్వెంట్, పడగానే అది మెత్తబడి జిగురులా స్టాక్‌కు అంటుకుంది, ఆ మరక ఇప్పటికీ పోలేదు. మందమైన ఫెల్ట్ వేసి, అందులో ఇసుక చేరిందనిపించినప్పుడల్లా మార్చేయి.

రెండు ఊతలూ ఒకే ఎత్తున ఉండకూడదు. మజిల్ వైపు, అంటే గొట్టం మూతి వైపు, కొంచెం దిగి ఉండాలి, అప్పుడే సాల్వెంట్ ట్రిగ్గర్ లోపలికీ, స్టాక్ కలపలోకీ వెనక్కి పారకుండా ముందుకు జారుతుంది. ఊతల మధ్య 60 సెంటీమీటర్ల దూరం ఉంటే 4 సెంటీమీటర్ల వాలు చాలు. రేంజి నేల ఎగుడుదిగుడుగా ఉంటుంది గనుక ప్రతిసారీ రసమట్టం పెట్టి చూసుకో. మజిల్‌కు ఖాళీ ప్లాస్టిక్ సీసా తగిలిస్తే మురికి నేల మీద కారదు.

కారు నిలిపేటప్పుడే చోటు చూసుకోవాలి. రాడ్ బయటికి పూర్తిగా రావాలంటే రైఫిల్ వెనుక మీటరుకు పైగా ఖాళీ కావాలి. చోటు చాలక రాడ్‌ను వంకరగా లాగావంటే ఇంత శ్రమా వృథా. రాడ్‌ను గొట్టం మధ్యన నిలిపే బోర్ గైడ్ పెట్టి, తూటా కూర్చునే ఛాంబర్ వైపు నుంచే తోయాలి. మీ .22 రైఫిల్ గుండు ఉత్త సీసం, దానికి రాగి కరిగించే ఘాటైన అమ్మోనియా మందులు అక్కరలేదు. తుడిచే గుడ్డ ముక్కలు, అంటే ప్యాచ్‌లు, కొననే వద్దు. మీ నాన్నగారి పాత నూలు పంచె ఒకటి అడిగి అంగుళం చదరాలుగా కోసుకుంటే ఏడాది వస్తాయి. సాల్వెంట్ సీసాను మాత్రం ఎండలో నిలిపిన కారులో వదలకు, మన మే నెల ఎండ నీకు తెలుసు.

ఇదంతా చేయించడానికి ముందే చేయవలసిన పని ఒకటి ఉంది. సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలోని రేంజి అయినా, మరొకటైనా, కార్లు నిలిపే చోట తుపాకిని బయటికి తీయడానికి అనుమతి ఉందో లేదో రేంజి అధికారిని అడుగు. తుపాకిని బహిరంగ స్థలంలో కప్పి ఉంచి మాత్రమే తీసుకెళ్లాలన్నది 2016 ఆయుధ నియమాలలోని మాట. రేంజి హద్దు లోపల కూడా, చెట్టు కింద కారు పక్కన రైఫిల్ కనబడితే దారిన పోయేవాడు బెదురుతాడు. అధికారి ఒక మూల చూపిస్తే అక్కడే, ఆయన చెప్పిన వేళలోనే పని చేయి. కాదంటే మారుమాట వద్దు, పలకను డిక్కీలోంచి తీయకు. ఫైరింగ్ లైను మీదనే, ఛాంబర్‌ను వెనుక నుంచి మూసే బోల్ట్ తీసి, ఛాంబర్ ఖాళీ అని చూపే సేఫ్టీ ఫ్లాగ్ అందులో పెట్టి, పెట్టెలో పడుకోబెట్టిన తరువాతే రైఫిల్ కారు దగ్గరికి రావాలి. స్టాండు ఎక్కించే ముందు ఛాంబర్ మళ్లీ చూడు, వేలు పెట్టి కూడా చూడు. మజిల్ ఎదుట గోడో మట్టిగుట్టో ఉండాలి, మనుషులు నడిచే దారి ఉండకూడదు.

చివరిగా, నేను సిగ్గుపడుతూ చెప్పే సంగతి. పోయిన దసరా సెలవుల్లో పని ముగించి, రైఫిల్‌ను పెట్టెలో సర్ది, ఎవరితోనో మాట్లాడుతూ కారెక్కి కదిలించాను. పలక మీద నిలువు గొట్టం అలాగే ఉంది. చక్రం దిగగానే పలక ఎగిరి, దూలం వెనుక తలుపును పైనుంచి కిందిదాకా గీసింది. అప్పటినుంచి నిలువు గొట్టానికి ఒక చిన్న కొక్కెం వెల్డింగ్ చేయించి, పలక మీద చక్రం ఉన్నంతసేపూ కారు తాళం చెవిని దానికే తగిలిస్తున్నాను. నీ స్టాండుకు ఆ కొక్కెం మొదటి రోజే పెట్టించు.

అక్కయ్యకూ బావగారికీ నా నమస్కారాలు చెప్పు. గొట్టాలు కొనడానికి వెళ్లే రోజు ముందుగా ఫోన్ చేస్తే నేనూ రాణిగంజ్ వస్తాను.

ఇట్లు,
నీ మేనమామ