చేతికి వేసిన సూది పేగుని కాపాడుతుందా?

కావలి దగ్గర రొయ్యల చెరువులు చేస్తున్న ఒక తండ్రి రాశారు: "మా అమ్మాయి బీఎస్సీ బయోటెక్నాలజీ రెండో సంవత్సరం. తమ్ముడికి టైఫాయిడ్ వచ్చి తగ్గిన దగ్గర్నుంచీ డీఎన్‌ఏ టీకాల మీద పరిశోధన చేస్తానంటోంది. 'చేతికి సూది వేస్తే పేగులో క్రిమి ఎలా ఆగుతుంది నాన్నా?' అని నన్నే అడుగుతోంది. ఇందులో ఉద్యోగాలుంటాయా, బీఈడీ చేయించమంటారా?"

అయ్యా, మీ అమ్మాయి అడిగింది చిన్న ప్రశ్న కాదు. పెద్ద పెద్ద ల్యాబుల్లో ఏళ్ల తరబడి పనిచేస్తున్నది దాని మీదే.

డీఎన్‌ఏ టీకాలో క్రిమి ఉండదు. దాని ప్రొటీన్ ఒకటి తయారుచేసే జన్యువును ప్లాస్మిడ్ అనే డీఎన్‌ఏ వలయంలో పెట్టి ఇస్తారు. మన కణాలే ఆ ప్రొటీన్ తయారుచేస్తాయి, రోగనిరోధక వ్యవస్థ దాన్ని గుర్తుపెట్టుకుంటుంది. ప్రపంచంలో మనుషులకు అనుమతి పొందిన మొదటి డీఎన్‌ఏ టీకా మన దేశానిదే. 2021 ఆగస్టులో అహ్మదాబాద్ జైడస్ వాళ్ల కోవిడ్ టీకాకి అత్యవసర అనుమతి వచ్చింది. పేగు బ్యాక్టీరియాకి మాత్రం అలాంటిది ఇంకా వాడకంలోకి రాలేదు.

ఎందుకంటే, సూదితో వచ్చే యాంటీబాడీలు ఎక్కువగా రక్తంలో తిరుగుతాయి. టైఫాయిడ్ క్రిమి పేగు దాటి రక్తంలోకి వస్తుంది కాబట్టి దానికి ఇప్పుడున్న సూది టీకా పనిచేస్తోంది. కలరా క్రిమి అలా కాదు, పేగులోనే తిష్ట వేస్తుంది. పేగు పొర మీద కాపలా కాసేది ఐజీఏ అనే యాంటీబాడీ, సూదికి అది సరిగా పుట్టదు. పోనీ డీఎన్‌ఏని నోటి ద్వారా ఇద్దామంటే కడుపులోనే ముక్కలైపోతుంది. అందుకే దానికి తొడుగు వేసి పంపాలని చూస్తున్నారు. ఆ తొడుగుల్లో ఒకటి కైటోసాన్. మీరు పెంచే రొయ్యల పెంకు నుంచి తీసేదే అది!

ఇక ఉద్యోగం సంగతి ఉన్నదున్నట్టు చెబుతాను. ఒట్టి బీఎస్సీతో వచ్చేవి చిన్న జీతాలే. ఎమ్మెస్సీ తప్పదు. దానికి ప్రవేశ పరీక్షలైన గాట్-బి, జామ్, సీయూఈటీ పీజీ, మూడూ రాయించండి. కోర్సు పేరు ఎంత కొత్తగా ఉందని చూడకండి, మైక్రోబయాలజీ, ఇమ్యునాలజీ గట్టిగా చెప్పే చోటు చూడండి. తర్వాత నెట్ అనే జాతీయ అర్హత పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకు ఇచ్చే ఫెలోషిప్) వస్తే పీహెచ్‌డీకి మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, పైన ఇంటి అద్దె భత్యం. మొత్తం ఏడెనిమిదేళ్ల దారి. అంతకాలం పెళ్లి మాటతో తొందరపెట్టరని అమ్మాయికి మీరే నోరు తెరిచి చెప్పాలి. బీఈడీ ఎమ్మెస్సీ అయ్యాక కూడా చేయొచ్చు.

అంతకంటే ముందు ఒక పని చేయండి. చెరువులో సీడ్ (రొయ్య పిల్లలు) వేసే ముందు వాటికి వైట్‌స్పాట్ అనే వైరస్ జబ్బు ఉందో లేదో ల్యాబ్‌లో పీసీఆర్ (క్రిమి డీఎన్‌ఏని పెంచి చూసే పరీక్ష) చేయిస్తారు కదా. అమ్మాయి నేర్చుకోవాల్సిన చేతిపని అక్కడే జరుగుతోంది. వెంట్రుకవాసి తేడా లేకుండా పిపెట్‌తో (ద్రవాన్ని కొలిచి తీసే గొట్టం) చుక్క తీయడం, చీకటి పెట్టెలో జెల్ మీద డీఎన్‌ఏ గీతలా వెలగడం పుస్తకంలో చదివితే రాదు. రెండు వారాలు అక్కడ నిలబడి చేస్తే ఈ పని తనకు పడుతుందో లేదో తనకే తెలుస్తుంది. ఈసారి శాంపిల్ ఇవ్వడానికి వెళ్లేటప్పుడు తనని వెంటబెట్టుకెళ్లి, ల్యాబ్ వాళ్లతో మీరే ఒక మాట చెప్పండి.