ఎథికల్ హ్యాకింగ్ కోర్సుకు 40 వేలు కట్టాలా? బీటెక్ చదువుతూనే సైబర్ సెక్యూరిటీ నేర్చుకోలేమా?

మీరు గుంటూరులో సీఎస్ఈ రెండో ఏడాది చదువుతున్నానని, సైబర్ సెక్యూరిటీలో ఎంటెక్, కుదిరితే పీహెచ్‌డీ దాకా వెళ్లాలని ఉందని రాశారు. ఆరు వారాల హ్యాకింగ్ కోర్సుకు 40 వేలు కట్టడానికి నాన్నగారు ఒప్పుకున్నారు, కట్టమంటారా అని అడిగారు.

వద్దు. కట్టి చూసినవాణ్ని కాబట్టి చెబుతున్నా.

మాది గుంటూరు కొత్తపేట. రోజూ కాజ టోల్‌గేట్ దాటి విజయవాడ వైపు కాలేజీకి వెళ్లేవాణ్ని. మూడో ఏడాది సెలవుల్లో బెంజ్ సర్కిల్ దగ్గర ఒక సెంటర్‌లో చేరాను, అప్పట్లో 25 వేలు. కాళీ లినక్స్ (హ్యాకింగ్ పనిముట్లతో వచ్చే ఆపరేటింగ్ సిస్టమ్) పెట్టించి, ఈ కమాండ్ కొట్టండి, ఎంటర్ నొక్కండి అనేవారు. నొక్కేవాళ్లం. స్క్రీన్ మీద అక్షరాలు పరుగెత్తుతుంటే వెనకాల నిలబడి ఫొటోలు కూడా దిగాం. ఒకరోజు ఎన్‌మ్యాప్ (ఒక కంప్యూటర్‌లో ఏ పోర్టులు, అంటే నెట్‌వర్క్ తలుపులు, తెరిచి ఉన్నాయో వెతికే ప్రోగ్రామ్) ఒక పోర్టును 'ఫిల్టర్డ్' అని చూపించింది. 'క్లోజ్డ్'కీ దీనికీ తేడా ఏంటి సార్ అని అడిగాను. "అది అలాగే వస్తుందయ్యా" అన్నారు.

తర్వాత తెలిసింది, ఆ జవాబుకు కావలసింది నా నెట్‌వర్క్స్ పాఠంలోనే ఉందని. మనం పంపిన సిన్ ప్యాకెట్‌కు ('మాట్లాడొచ్చా' అనే కబురు) సిన్-ఆక్ ('సరే' అనే జవాబు) తిరిగొస్తే పోర్టు తెరిచి ఉన్నట్టు. రీసెట్ వస్తే మూసి ఉన్నట్టు. ఏ కబురూ రాకపోతే మధ్యలో ఫైర్‌వాల్ లాంటిదేదో దాన్ని మింగేసి ఉండొచ్చు. టీసీపీ హ్యాండ్‌షేక్ బొమ్మ పరీక్షలో గీసి మార్కులు తెచ్చుకున్నవాణ్నే, కానీ అదీ ఇదీ ఒకటేనని తట్టలేదు. నెట్‌వర్క్‌లో వచ్చేపోయే ప్యాకెట్లను చూపించే వైర్‌షార్క్ ఉచితం. అది పెట్టుకుని మీ లాప్‌టాప్ ప్యాకెట్లే చూస్తూ నెట్‌వర్క్స్ చదవండి, పాఠం వేరేలా కనిపిస్తుంది.

అయితే నాకు అసలు పిచ్చి పట్టించింది సీ లాంగ్వేజ్. నాలుగో ఏడాదిలో ఒక మేడమ్ ల్యాబ్‌లో 16 బైట్ల ఎర్రే (16 అక్షరాలే పట్టే చోటు) పెట్టి, అందులోకి వంద ఇంగ్లిష్ 'ఎ'లను కాపీ చేయించారు. పాత పద్ధతి కనిపించాలని 32 బిట్‌లో, కంపైలర్ రక్షణలు ఆపేసి. ప్రోగ్రామ్ కుప్పకూలింది. డీబగ్గర్‌లో చూస్తే, ఫంక్షన్ తిరిగి వెళ్లాల్సిన అడ్రసు ఉండాల్సిన చోట 41414141 అని ఉంది. పెద్ద 'ఎ' అక్షరానికి హెక్స్ కోడ్ 41. అంటే మనం టైప్ చేసిన అక్షరాలే ప్రాసెసర్‌ను ఎటు పోవాలో చెబుతున్నాయి! ఆ రాత్రి నిద్ర పట్టలేదు. 1988లో ఇంటర్నెట్‌ను అతలాకుతలం చేసిన మోరిస్ వార్మ్ (తనంతట తానే పాకే ప్రోగ్రామ్) వాడుకున్న దారుల్లో ఇలాంటి ఓవర్‌ఫ్లో, అంటే పట్టే చోటు కంటే ఎక్కువ డేటా దూర్చడం, ఒకటి. 2014లో బయటపడ్డ హార్ట్‌బ్లీడ్ అనే లోపం దీనికి చుట్టం: పంపినవాడు చెప్పిన పొడవును సర్వర్ సరిచూసుకోకుండా నమ్మేసి, ఒక్కోసారికి 64 కేబీ దాకా తన మెమరీని ఇచ్చేసేది. పాయింటర్లు (మెమరీ అడ్రసులు పట్టుకునేవి) భయం వేసి సీని వదిలేశారా? ముందు అక్కడికే వెనక్కి వెళ్లండి.

గణితం గురించి ఒక్క మాట. అందరూ వింటున్నా ఇద్దరు ఒక రహస్య తాళంచెవి తయారు చేసుకునే డిఫీ-హెల్మన్ పద్ధతి 1976లో వచ్చింది. ఒక్కసారి కాగితం మీద చేయండి: ప్రైమ్ 23, బేస్ 5, మీ రహస్యం 6, స్నేహితుడి రహస్యం 15. మీరు పంపేది 8 (ఆరు 5లను గుణించి 23తో భాగిస్తే మిగిలే శేషం), అతను పంపేది 19, ఇద్దరికీ చివరికి వచ్చే తాళంచెవి 2. విజయవాడ ప్యాసింజర్ మంగళగిరి దాటేలోపు అయిపోతుంది.

ఇక రీసెర్చ్. ఇక్కడ నేను తిన్న దెబ్బ వివరంగా చెప్పాలి.

ఎంటెక్‌లో నా ప్రాజెక్టు, మన దగ్గర చాలామంది చేసేదే: మెషిన్ లెర్నింగ్‌తో నెట్‌వర్క్ దాడులు పట్టుకోవడం. కేడీడీ కప్ 99 అనే, నెట్‌వర్క్ దాడుల రికార్డులున్న డేటాసెట్ తీసుకున్నాను. 99 శాతం పైన యాక్యురసీ వచ్చింది. ఇంట్లో స్వీట్లు కూడా పంచారు. వైవాకు బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ రెండే ప్రశ్నలు వేశారు. ఈ డేటాలో ఒకే రికార్డు ఎన్నిసార్లు ఉందో చూశావా? దీన్ని మీ హాస్టల్ వైఫై మీద పెడితే రోజుకు ఎన్ని ఉత్తుత్తి అలారాలు వస్తాయి? రెండింటికీ నోరు తెరవలేదు. శిక్షణ రికార్డుల్లో దాదాపు 78 శాతం నకళ్లేనని 2009లోనే లెక్కగట్టి చూపించారు. చూసిందే మళ్లీ మళ్లీ చూసి బట్టీ కొట్టిన మోడల్ నాది.

రెండో ప్రశ్న లోతు మా నాన్నతో మాట్లాడాక గానీ ఎక్కలేదు. ఆయన మిర్చి యార్డులో గుమాస్తా. వెయ్యి టిక్కీల్లో (మిర్చి బస్తాల్లో) నిజంగా తాలు (నాసిరకం కాయ) కలిసింది ఒక్కటే అనుకుందాం, నా యంత్రం నూటికి 99 సార్లు సరిగ్గా చెబుతుంది నాన్నా అన్నాను. ఆయన వేళ్ల మీద లెక్కేసి, "అంటే మంచివి ఓ పది టిక్కీలు కూడా తాలు అని పక్కన పెట్టిస్తావు. రెండు రోజులయ్యాక హమాలీలు నీ మాట వింటారట్రా?" అన్నారు. ఇదే సమస్య. దాడులు అరుదు, మామూలు ట్రాఫిక్ సముద్రం. 99 శాతం అనే అంకె ఒక్కటే ఏమీ చెప్పదు. ఇంత చిన్న విషయం రెండేళ్లలో ఎవరూ నన్ను అడగలేదు, నన్ను నేనూ ప్రశ్నించుకోలేదు.

అందుకే పేపర్ చదివేటప్పుడు ముందు థ్రెట్ మోడల్ వెతకండి: దాడి చేసేవాడు ఎవరు, వాడి చేతిలో ఏముంది, ఏం లేదు. యూసెనిక్స్ సెక్యూరిటీ సదస్సు పేపర్లు అందరికీ ఉచితం. మొదటిది చదవడానికి నాకు మూడు వారాలు పట్టింది, సగం అర్థం కాలేదు, ఫర్వాలేదు. "పది రోజుల్లో పబ్లికేషన్" అని వాట్సాప్‌లో వచ్చే జర్నల్స్‌కు మాత్రం రూపాయి కట్టకండి.

రీసెర్చ్ ప్రశ్నలు దూరంగా ఎక్కడో ఉండవు. 2017 మేలో వాన్నాక్రై (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) వచ్చినప్పుడు మన రాష్ట్ర పోలీసు కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. అది దూరిన లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ప్యాచ్ ఇచ్చింది. రెండు నెలలు చేతిలో మందు ఉండి ఎందుకు వేసుకోలేదు? వైరస్ కోడ్ కంటే నాకు ఆ ప్రశ్నే ఎక్కువ నచ్చుతుంది.

సాధనకు పికోసీటీఎఫ్, ఓవర్‌దివైర్ అనే హ్యాకింగ్ పజిళ్ల సైట్లు ఉన్నాయి, ఉచితం. కాలేజీ రిజల్ట్స్ సైటు మీద మాత్రం చెయ్యి పెట్టకండి. మా బ్యాచ్‌లో ఒకడు సరదాకి పెట్టి, తల్లిదండ్రులతో కలిసి ప్రిన్సిపల్ గది బయట ఒక పూట కూర్చున్నాడు. ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, అయిదు లక్షల దాకా జరిమానా ఉంది. అనుమతి లేకుండా చేస్తే సరదా అన్న మాట కాపాడదు.

ఎంటెక్ అనుకుంటే ఇప్పటి నుంచే దాని ప్రవేశ పరీక్ష గేట్‌కు చదవండి. స్కోరుతో సీటొస్తే నెలకు 12,400 స్కాలర్‌షిప్ వస్తుంది, పైగా గేట్ సిలబస్‌లో ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్స్), నెట్‌వర్క్స్, సీ, డిస్క్రీట్ మ్యాథ్స్ కూడా ఉంటాయి. ఇక ఆ 40 వేల సంగతి. మీ లాప్‌టాప్‌లో 4 జీబీ ర్యామే ఉంటే 16కు పెంచించండి, వర్చువల్‌బాక్స్‌లో (కంప్యూటర్ లోపల కంప్యూటర్ నడిపే సాఫ్ట్‌వేర్) రెండు మెషిన్లు ఒకేసారి నడవాలంటే అది కావాలి. మిగిలింది నాన్నగారి దగ్గరే ఉంచండి, గేట్ ఫీజుకు అడగొచ్చు.