న్యూ ఫారెస్ట్‌లో పల్లెటూరి పబ్‌లో భోజనం, బస: బుక్ చేసే ముందు ఏం చూడాలి, ఏం అడగాలి?

ప్రశ్న: రెడింగ్ నుంచి కారులో వారాంతానికి న్యూ ఫారెస్ట్ వెళ్తున్నాం. ఇద్దరు చిన్నపిల్లలు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్న. అమ్మ పూర్తి శాకాహారి, గుడ్డు కూడా తినదు. నాన్న బీఫ్ తినరు. శనివారం రాత్రి ఏదైనా పబ్‌లోనే బస చేసి, ఆదివారం మధ్యాహ్నం ఇంకో పబ్‌లో తిని తిరిగి రావాలని ఉంది. ఎలా ఎంచుకోవాలి?

జవాబు:

గడ్డి కప్పు, గోడమీద గులాబీ తీగ, లోపల పొయ్యిలో కట్టెల మంట. ఈ ఫొటో చూసి మాత్రం బుక్ చేయకండి. హాంప్‌షైర్‌లోని ఆ అడవి చుట్టుపక్కల అలాంటి ఫొటో లేని పబ్ దొరకడమే కష్టం. మీరు తేల్చుకోవాల్సినవి వేరే: వంటగది ఏ గంటల్లో నడుస్తుంది, మీవాళ్ళు తినకూడనిది ఏ వంటకంలో దాక్కుని ఉంది, గది ఎక్కడుంది, చీకటి పడ్డాక కారు తీయాల్సి వస్తుందా.

ముందు వంటగది సంగతి. మ్యాప్‌లో కనిపించే సమయాలు బార్‌వి, వంటగదివి కావు. రాత్రి 11 దాకా తెరిచి ఉంటుందని చూసి 8:45కి వెళ్తే చిప్స్ పాకెట్ తప్ప ఏమీ దొరకని పబ్బులు చాలా ఉన్నాయి. మామూలుగా మధ్యాహ్నం 12 నుంచి 2:30 వరకు, సాయంత్రం 6 నుంచి 8:30 లేదా 9 వరకు వండుతారు. మధ్యలో వంటవాళ్ళకు విరామం. ‘ఫుడ్ సర్వ్‌డ్ ఆల్ డే’ అని బోర్డు ఉన్నచోట ఈ ఇబ్బంది ఉండదు. చిన్న పల్లె పబ్బులు సోమ, మంగళవారాల్లో పూర్తిగా మూసేయడమూ ఉంది. ఆదివారం లెక్క వేరు. మధ్యాహ్నం 12 నుంచి నాలుగింటి దాకా రోస్ట్, అంటే ఓవెన్‌లో కాల్చిన మాంసం, బంగాళాదుంపలు, కూరగాయలు, గ్రేవీ కలిపిన ప్లేటు. ఆ తర్వాత చాలాచోట్ల వంటగది బంద్. రోస్ట్ కూడా ఉదయం వండిపెట్టినంతే. రెండున్నర దాటితే ముందు అయిపోయేది తరచూ శాకాహార రోస్టే, ఎందుకంటే అది కొద్ది ప్లేట్లే చేస్తారు. అందుకని ఆదివారం 12 గంటల స్లాట్ పట్టండి, శాకాహార ప్లేటు ఒకటి పక్కన పెట్టమని ఫోన్‌లోనే చెప్పండి. ఆరుగురు దాటితే డిపాజిట్ అడగొచ్చు. మార్చిలోనో ఏప్రిల్ మొదట్లోనో వచ్చే మదర్స్ డే ఆదివారం అయితే వారాల ముందే నిండిపోతాయి.

ఇక తిండి. మీ ప్రశ్నలో కష్టమైన భాగం ఇదే.

మెనూలో ‘వి’ అని ఉంటే శాకాహారం అంటారు. కానీ అందులో గుడ్డు ఉండొచ్చు. గింజపప్పులతో చేసే నట్ రోస్ట్‌ని పట్టి ఉంచడానికి తరచూ గుడ్డు వాడతారు. యార్క్‌షైర్ పుడ్డింగ్ అంటేనే గుడ్డు, మైదా, పాలు. తాజా పాస్తా, కోల్‌స్లా, మయోనైజ్, పై మీద మెరుపు కోసం పూసే పూత, అన్నిట్లోనూ గుడ్డే. అందుకని అమ్మగారికి ‘వి’ కాదు, ‘విజి’, అంటే వీగన్ గుర్తు ఉన్నదే తీసుకోండి. వెన్న, చీజ్ కావాలంటే పక్కన ఇమ్మనండి. చీజ్‌లో కూడా పార్మెసాన్ వద్దు, దాన్ని దూడ కడుపులోంచి తీసిన రెనెట్‌తోనే (పాలు విరగబెట్టే పదార్థం) తయారుచేస్తారు. చెడర్ చాలావరకు శాకాహార రెనెట్‌తో వస్తుంది, అయినా అడగడంలో తప్పు లేదు.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట: ఏ వంటకంలో ఏ అలర్జీ పదార్థం ఉందో పబ్ రాసిపెట్టే అలర్జీ ఫోల్డర్ చూసి ధైర్యపడకండి. ఇంగ్లండ్ చట్టం ప్రకారం పబ్ తప్పనిసరిగా చెప్పాల్సిన అలర్జీ పదార్థాలు 14. అందులో గుడ్డు, పాలు, చేప ఉన్నాయి. బీఫ్ లేదు, జెలటిన్ లేదు, జంతువుల కొవ్వు లేదు. అంటే ఫోల్డర్‌లో అంతా సవ్యంగా కనిపించినా చిప్స్ (ఇక్కడ ఫ్రెంచ్ ఫ్రైస్ లాంటి వేడి బంగాళాదుంప ముక్కలు) బీఫ్ డ్రిప్పింగ్‌లో, అంటే గొడ్డుకొవ్వులో, వేగి ఉండొచ్చు. ఈ ప్రశ్నలు విడిగా, వంటగదిలో కనుక్కుని చెప్పమని అడగండి:

– చిప్స్ ఏ నూనెలో వేయిస్తారు? చేప, చికెన్ వేగే ఫ్రయరూ అదేనా?
– రోస్ట్ బంగాళాదుంపలు, యార్క్‌షైర్ పుడ్డింగ్ దేనిలో చేస్తారు? బాతుకొవ్వు, గొడ్డుకొవ్వు రెండూ మామూలే.
– గ్రేవీ అన్ని రోస్టులకూ ఒకటేనా?

మూడోది నాన్నగారికి చాలా అవసరం. ఆయన చికెన్ రోస్టో, లాంబ్ రోస్టో తెప్పించుకుంటారు, దానిమీద పోసేది మాత్రం పొద్దున్నే బీఫ్ ఎముకలతో కాచిన గ్రేవీ కావచ్చు. ప్లేట్ వచ్చాక చెప్తే లాభం లేదు, పోసే తెస్తారు. ‘గ్రేవీ పక్కన’ అని ఆర్డర్‌లోనే రాయించండి. ‘స్యూయెట్’ అనే మాట కనిపిస్తే అది పశువు కిడ్నీ చుట్టూ ఉండే కొవ్వు, డంప్లింగుల్లోనూ స్టీమ్ చేసిన పుడ్డింగుల్లోనూ పడుతుంది. కాటేజ్ పై బీఫ్, షెపర్డ్స్ పై లాంబ్. లసాన్య, చిల్లీ అని ఊరికే రాసి ఉంటే బీఫ్ కీమా అనుకోండి. సాసేజ్, గామన్ పంది మాంసం. వూస్టర్ సాస్‌లో ఆంకోవీ చేప ఉంటుంది కాబట్టి చీజ్ టోస్ట్ మీద అది చల్లవద్దని చెప్పాలి. పన్నా కోటా అనే క్రీమ్ స్వీట్‌లో, కొన్ని చీజ్‌కేకుల్లో జెలటిన్ ఉంటుంది. పిల్లలకు ఐస్‌క్రీమో, ఆపిల్ క్రంబులో తెప్పించండి, గొడవుండదు.

కారం లేదని పెద్దవాళ్ళు నీరసపడితే ఇంగ్లిష్ మస్టర్డ్ అడగండి. ఆవపెట్టిన కూరలకు అలవాటుపడిన నోటికి అది బాగానే ఎక్కుతుంది. ఇంటి ఆవకాయ సీసా గదిలో వాడుకోండి. బయటి తిండి టేబుల్ మీద తెరిస్తే చాలాచోట్ల ఒప్పుకోరు.

ఆర్డర్ పద్ధతి: టేబుల్ నంబర్ చూసుకుని బార్ దగ్గరికెళ్ళి చెప్పడం, అక్కడే డబ్బు కట్టడం ఇంకా మామూలే. కూర్చుని ఎదురుచూస్తే ఎవరూ రాకపోవచ్చు. టేబుల్ దగ్గరికే వచ్చి రాసుకునేచోట బిల్లులో సర్వీస్ చార్జ్ వేశారేమో చూసి, వేయకపోతే 10 శాతం ఇస్తే మర్యాద. పెద్దవాళ్ళు తోడున్న పిల్లల్ని చట్టం ఆపదు గానీ రాత్రి 9 తర్వాత బార్‌లో పిల్లలు వద్దని పెట్టుకున్న పబ్బులు ఉన్నాయి. కుక్కలు మాత్రం అన్నిచోట్లా ఉంటాయి, టేబుళ్ళ కింద పడుకుని. పిల్లలు భయపడితే ‘డాగ్ ఫ్రీ’ భాగం ఉందా అని అడగండి. శుభ్రత మీద అనుమానం ఉంటే ఫుడ్ స్టాండర్డ్స్ ఏజెన్సీ వెబ్‌సైట్‌లో పబ్ పేరు కొడితే 0 నుంచి 5 దాకా రేటింగ్ కనిపిస్తుంది. ఇంగ్లండ్‌లో దాన్ని తలుపుమీద అంటించాలనే నిబంధన లేదు కాబట్టి, స్టిక్కర్ లేదంటే తక్కువ వచ్చి దాచారేమోనని చూసుకోవడం మంచిది.

ఇప్పుడు గది. ‘బార్ పైన గది’ అనే మాట వెనక చాలా ఉంది. మెట్లు ఇరుకు, నిటారు, లిఫ్ట్ ఉండదు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకు పెద్ద సూట్‌కేసుతో అది నరకం. దూలాలు తలకు తగిలే ఎత్తులో ఉంటాయి. నేల చెక్కది కాబట్టి కింద జనం వెళ్ళిపోయేదాకా నిద్ర ఉండదు. వెళ్ళేటప్పుడు కార్ పార్క్‌లో వీడ్కోళ్ళు ఇంకో పావుగంట. వంటగది పొగ బయటికి తోసే ఫ్యాన్ కిటికీ పక్కనే ఉంటే తలుపులు తీయలేరు. అందుకే ఫోన్‌లో ఇలా అడగండి: వెనక విడిగా కట్టిన గదులున్నాయా, కింది అంతస్తులో ఉన్నాయా, శనివారం లైవ్ మ్యూజిక్ ఉందా. పాత గుర్రపుశాలల్ని గదులుగా మార్చినవి చాలా పబ్బుల్లో ఉన్నాయి, మీలాంటి కుటుంబానికి అవే సరి. అందం కాస్త తక్కువైనా నిద్ర పడుతుంది.

చెక్ ఇన్ సాధారణంగా 3 గంటల నుంచి. కానీ మధ్యాహ్నం మూసి సాయంత్రం తెరిచే పబ్ అయితే నాలుగింటికి తలుపు తట్టినా పలికేవాళ్ళుండరు, కాబట్టి మీరు వచ్చే సమయం ముందే చెప్పి ఉంచండి. వేసవి వారాంతాల్లో రెండు రాత్రులు తప్పనిసరి అనే షరతు తరచూ ఉంటుంది. ఒక్క శనివారమే కావాలంటే వెబ్‌సైట్ ఇవ్వకపోయినా, వారం ముందు ఫోన్ చేస్తే మిగిలిపోయిన గది ఇవ్వొచ్చు. బ్రేక్‌ఫాస్ట్ ఆదివారం కాస్త ఆలస్యంగా మొదలవొచ్చు, సమయం అడగండి. ఫుల్ ఇంగ్లిష్ (సాసేజ్, గుడ్డు, బీన్స్ లాంటివన్నీ ఉన్న పెద్ద బ్రేక్‌ఫాస్ట్) ధరలో కలిసి ఉంటే అమ్మగారికి బీన్స్, పుట్టగొడుగులు, టమాటా, టోస్ట్, హాష్ బ్రౌన్ ఇమ్మనండి, సాసేజ్ వేగిన పెనం కాకుండా వేరే పెనంలో చేయమనండి. నాన్నగారికి బ్లాక్ పుడ్డింగ్ అంటే రక్తంతో చేసిందని ముందే చెప్పండి. గదిలో కెటిల్, టీ పొడి, పాలు ఉంటాయి. రైస్ కుక్కర్ తీసుకెళ్ళి పెట్టకండి, ఆవిరికి అలారం మోగి పబ్ మొత్తం బయటికి రావాల్సి వస్తుంది. టాయిలెట్ పక్కన హ్యాండ్ షవర్ ఉండదు, ఒక చెంబో మగ్గో సర్దుకోండి. అడవిలో ఉన్న పబ్బుల్లో చాలావాటికి ఊరి మురుగుకాలువ ఉండదు, సెప్టిక్ ట్యాంకే. పిల్లల వెట్ వైప్స్ టాయిలెట్‌లో వేస్తే అందరి వారాంతమూ పాడవుతుంది.

చోటు ఎంచుకునేటప్పుడు చీకటిని లెక్కలోకి తీసుకోండి. ఈ అడవిలో పోనీలు, ఆవులు, గాడిదలు కంచె లేకుండా తిరుగుతాయి, రోడ్డు మీదే నిలబడతాయి. వీధి దీపాలు లేవు. కంచె లేని రోడ్ల మీద వేగ పరిమితి గంటకు 40 మైళ్ళు. రాత్రి అదీ ఎక్కువే, నల్లటి పోనీ హెడ్‌లైట్‌లో చివరి క్షణం దాకా కనబడదు. జంతువును గుద్దితే ఆగి పోలీసులకు చెప్పడం చట్టం. డిసెంబర్‌లో సాయంత్రం నాలుగింటికే చీకటి. కాబట్టి రాత్రి భోజనం, గది ఒకే కప్పు కిందో, నడిచి వెళ్ళగల దూరంలోనో పెట్టుకోండి. నడిచినా టార్చ్ కావాలి. ఇలాగైతే డ్రైవర్ కూడా ఒక పైంట్ తాగొచ్చు. చేతి పంపుతో పోసే క్యాస్క్ బీర్ గోరువెచ్చగా లేదు, పాడైందీ కాదు, 11 నుంచి 13 డిగ్రీల దగ్గర ఇవ్వడమే దాని పద్ధతి. కొనేముందు ఒక గుక్క రుచి చూపించమంటే చూపిస్తారు.

దారి: రెడింగ్ నుంచి ఎం3, ఎం27 మీదుగా వచ్చి జంక్షన్ 1, కాడ్నమ్ దగ్గర అడవిలోకి వస్తారు. అక్కడి నుంచి లిండ్‌హర్స్ట్ మీదుగా వెళ్ళే ఏ337 వేసవి శనివారాల్లో ఊరి వన్‌వే దగ్గర బాగా ఇరుక్కుంటుంది. బర్లీ వైపు వెళ్ళేవాళ్ళు లిండ్‌హర్స్ట్‌లోకి దిగకుండా ఏ31 మీదే పోవడం నయం. బ్రాకెన్‌హర్స్ట్‌కి మామూలు దారి లిండ్‌హర్స్ట్ మీదుగానే, పొద్దున పది లోపు దాటేయండి. ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు, మ్యాప్ ముందే దించుకోండి.

ఊళ్ళ వారీగా నా అభిప్రాయం. మిన్‌స్టెడ్‌లోని ట్రస్టీ సర్వెంట్ పచ్చికబయలు పక్కనే ఉంటుంది. పందిముఖం, గాడిద చెవులు, జింక కాళ్ళున్న సేవకుడి బొమ్మ దాని బోర్డు, వించెస్టర్ కాలేజీలోని పాత చిత్రానికి నకలు. పిల్లలు దాన్ని వదలరు. దగ్గర్లోని చర్చి ఆవరణలో షెర్లాక్ హోమ్స్ కథల రచయిత ఆర్థర్ కానన్ డాయిల్ సమాధి ఉంది. కాడ్నమ్ దగ్గరే రూఫస్ స్టోన్: 1100లో రెండో విలియం రాజు బాణం తగిలి చనిపోయాడని గుర్తుగా నిలిపిన రాయి. పక్కనున్న పబ్‌కి, ఆ బాణం వేశాడంటున్న సర్ వాల్టర్ టిరెల్ పేరే పెట్టుకున్నారు. ఫ్రిథమ్‌లోని రాయల్ ఓక్ గడ్డికప్పు చిన్న పబ్, నడకలు ఇష్టపడేవాళ్ళకు బాగుంటుంది, ఐదారుగురి కుటుంబానికి ఇరుకు. బ్రాకెన్‌హర్స్ట్‌లో రైల్వే స్టేషన్ దగ్గర స్నేక్‌క్యాచర్ ఉంది. ఆ అడవిలో పాములు పట్టి బతికి, 1905లో చనిపోయిన బ్రషర్ మిల్స్ జ్ఞాపకంగా ఆ పేరు.

మీ ఆరుగురికీ నేనైతే శనివారం రాత్రికి బ్రాకెన్‌హర్స్ట్ చెప్తాను. ఒక పబ్‌లో వంట కుదరకపోతే ఇంకోటి నడక దూరంలో ఉంటుంది, దుకాణాలున్నాయి, అమ్మగారికి పెరుగు, పండ్లు దొరుకుతాయి. సాయంత్రం 6 గంటలకే టేబుల్ పెట్టించుకోండి, పిల్లలు అలిసిపోకముందే తినేస్తారు. ఆదివారం పొద్దున రైన్‌ఫీల్డ్ డ్రైవ్ ఎత్తైన చెట్ల మధ్య నడిచి, 12 గంటలకు మిన్‌స్టెడ్ చేరితే తిరుగు దారిలోనే భోజనం అయిపోతుంది, ఎం27 అక్కడికి దగ్గర. పోనీలకు తినిపించకండి, నిమరకండి, జరిమానా పడొచ్చు. శరదృతువులో వెళ్తే పబ్ ముందు ఓక్ కాయలు ఏరుకు తినే పందులు కనబడతాయి. పచ్చి ఓక్ కాయలు పోనీలకు, ఆవులకు విషం, అందుకే కనీసం 60 రోజులు పందుల్ని వదులుతారు. వాటికీ దూరంగానే ఉండండి. గడ్డిలో నడిచాక పిల్లల మోకాళ్ళ వెనక, నడుము దగ్గర టిక్ పురుగులు పట్టాయేమో ఆ రాత్రే చూడండి. పట్టి ఉంటే సన్నమూతి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని తిన్నగా లాగేయాలి, నూనె పూయడం, కాల్చడం వద్దు.