ఫార్మాట్ చేయకుండా ఉబుంటు వేయొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంజనీరింగ్‌లో చేరింది. విండోస్ 11 ఉన్న ల్యాప్‌టాప్‌లోనే ఉబుంటు (విండోస్ లాంటిదే మరో ఆపరేటింగ్ సిస్టమ్) కూడా వేసుకోమన్నారట. 512 జీబీ ఎస్ఎస్‌డీ, సి డ్రైవ్ ఒక్కటే. సగం ఖాళీ. మొత్తం ఫార్మాట్ చేయాల్సిందే అంటున్నారు షాపులో. ఇంటి ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి.
- ఒక పాఠకుడు, గాజువాక, విశాఖపట్నం

జవాబు: ఫార్మాట్ అక్కర్లేదండీ. వాళ్ళకి అది సులువు, అంతే. సి డ్రైవ్‌ని కుదించి చోటు తీయొచ్చు. ముందు ఫొటోలు వేరే డిస్క్‌లోకి కాపీ చేసి, కొన్ని తెరిచి చూసుకోండి.

తర్వాత సెట్టింగ్స్‌లో 'డివైస్ ఎన్‌క్రిప్షన్' (డిస్క్‌లోని సమాచారానికి తాళం వేసే ఏర్పాటు) చూడండి. చాలా విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో మనకి తెలియకుండానే ఆన్ అయి ఉంటుంది. బూట్ (ల్యాప్‌టాప్ మొదలయ్యే) సెట్టింగ్స్ మారితే విండోస్ 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. ఆ కీ మామూలుగా మొదట లాగిన్ అయిన మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. కొన్న రోజున షాపు కుర్రాడు తన మెయిల్‌తో సెటప్ చేసిచ్చాడేమో గుర్తు చేసుకోండి. అలా అయితే మీ కీ అతని అకౌంట్‌లో ఉన్నట్టే! కీ సంపాదించి కాగితం మీద రాసుకున్నాకే ఎన్‌క్రిప్షన్ ఆపండి, డీక్రిప్షన్ (ఆ తాళం తీయడం) పూర్తయ్యేదాకా ఆగండి. పవర్ ఆప్షన్స్‌లో ఫాస్ట్ స్టార్టప్ కూడా తీసేయండి. అది ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా ఆగదు.

ఇప్పుడు స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. సి మీద రైట్ క్లిక్, 'ష్రింక్ వాల్యూమ్'. 100 జీబీ చాలు. అక్కడ ఎంబీల్లో అడుగుతుంది, 102400 అని కొట్టండి. సగం డిస్క్ ఖాళీగా ఉన్నా ఇరవయ్యో ముప్ఫయ్యో జీబీలే ఇస్తానంటే, కదలని ఫైళ్ళు అడ్డున్నాయన్నమాట. హైబర్నేషన్, పేజ్ ఫైల్, సిస్టమ్ ప్రొటెక్షన్ అనే విండోస్ సదుపాయాలు తాత్కాలికంగా ఆపి, రీస్టార్ట్ చేసి మళ్ళీ చూడండి. వచ్చిన చోటుని 'అన్‌ఎలొకేటెడ్'గానే వదిలేయండి, కొత్త డ్రైవ్ చేయొద్దు.

ఉబుంటు ఇన్‌స్టాలర్ ఉన్న పెన్‌డ్రైవ్‌ని యూఈఎఫ్ఐ మోడ్‌లోనే (ఇప్పటి ల్యాప్‌టాప్‌లు మొదలయ్యే పద్ధతి) బూట్ చేయండి. చార్జర్ పెట్టే ఉంచండి, వాన గాలికి మన దగ్గర కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. ఇన్‌స్టాలర్‌లో 'ఇన్‌స్టాల్ అలాంగ్‌సైడ్' ఎంచుకోండి. 'ఎరేజ్ డిస్క్' జోలికి మాత్రం పోవద్దు. మీరే పార్టిషన్లు (డిస్క్‌లో భాగాలు) చేసుకుంటే, డిస్క్ మొదట్లో కనిపించే చిన్న ఈఎఫ్ఐ పార్టిషన్‌ని ఫార్మాట్ చేయకండి. విండోస్ బూట్ ఫైళ్ళు ఉండేది అందులోనే.

అంతా అయ్యాక విండోస్‌లో గడియారం ఐదున్నర గంటలు వెనక్కి చూపిస్తే కంగారు పడకండి. ఉబుంటు గడియారాన్ని యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంచుతుంది, విండోస్ దాన్నే మన టైమ్ అనుకుంటుంది. డేట్ అండ్ టైమ్‌లో 'సింక్ నౌ' నొక్కండి.