మురుగునీటి మీద పీహెచ్‌డీనా?

ప్రశ్న: మాది తెనాలి. ఎరువుల కొట్టు నడుపుతున్నాను. మా అమ్మాయి ఎన్విరాన్‌మెంటల్ ఇంజనీరింగ్‌లో ఎం.టెక్ చివరి సంవత్సరం. నగరాల మురుగు నుంచి పోషకాలు రాబట్టే పరిశోధన బృందంలో చేరతానని, స్వీడన్‌లోని ఉప్సాలా వెళ్తానని పట్టుబడుతోంది. దీనికి భవిష్యత్తు ఉందంటారా?

జవాబు: మీ కొట్లో డీఏపీ బస్తా మీద 18-46 అని ఉంటుంది కదండీ. 50 కిలోల బస్తాలో 9 కిలోల నత్రజని, ఫాస్ఫేట్ (P2O5) లెక్కలో 23 కిలోల భాస్వరం. ఆ భాస్వరానికి కావలసిన రాయి మన దగ్గర చాలదు, మొరాకో, జోర్డాన్‌ల నుంచి ఓడల్లో రావాలి. అది పొలంలో పడి, గింజలోకి ఎక్కి, నగరంలో మన కంచంలోకి వచ్చి, చివరికి మరుగుదొడ్డి గుండా చెరువు చేరుతుంది. చెరువు నిండా గుర్రపుడెక్క అల్లుకునేది ఆ బలంతోనే. మీరు అమ్మిన బస్తా చివరికి ఎటు పోతోందన్న లెక్కే మీ అమ్మాయి చదవాలంటోంది.

ఉప్సాలాలోని స్వీడిష్ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి ఈ పనిలో పేరుంది. గాట్‌లాండ్ దీవిలో మూత్రం సేకరించి, ఆరబెట్టి, ఆ గుళికలతో బార్లీ పండించి చూశారు. మురుగునీటిలో మూత్రం ఒక శాతమే అయినా, నత్రజనిలో దాదాపు 80 శాతం దానిదే. నవ్వకండి, ఆవు పంచితంతో జీవామృతం కలిపే రైతులు మీ కొట్టుకూ వస్తూనే ఉంటారు.

స్వీడన్‌లో పీహెచ్‌డీ అంటే దాదాపు ఉద్యోగమే. నాలుగేళ్లు జీతం ఇస్తారు, ఫీజు ఉండదు. ఖాళీ వచ్చినప్పుడు ప్రకటన వేస్తారు, దానికే దరఖాస్తు పెట్టాలి. ‘ముందు అక్కడ మాస్టర్స్‌లో చేర్చండి’ అని ఏ కన్సల్టెన్సీ అయినా చెబితే ఒప్పుకోకండి. మాస్టర్స్‌కు మనవాళ్లు ఫీజు కట్టాలి, అమ్మాయికి ఎం.టెక్ ఎలాగూ చేతికొస్తోంది.

దరఖాస్తుతో పెట్టే ఉత్తరం దగ్గరే చాలామంది దెబ్బతింటారు. ఈమధ్య ఒక విద్యార్థి తెచ్చిన ఉత్తరంలో పేజీన్నర ‘పర్యావరణమంటే నాకు ప్రాణం’ అనే ఉంది. అదంతా కొట్టేయించాను. చివర్లో ఎక్కడో ఒక వాక్యం దొరికింది: మురుగుశుద్ధి కేంద్రంలో ఆరు వారాలు ఫాస్ఫేట్ కొలిచాడట, వాన పడ్డ రోజు లెక్కలన్నీ తారుమారయ్యాయట. ఉత్తరం అక్కడి నుంచే మొదలుపెట్టించాను. మీ అమ్మాయి దగ్గరా అలాంటిదొకటి ఉండే ఉంటుంది.

సీటు వస్తే సరే అనే ముందు ఆ బృందంలో ఇప్పుడున్న విద్యార్థులతో ఒకరిద్దరితో మాట్లాడమనండి. గైడ్ వారానికోసారి కలుస్తారా, నెలకోసారా? మధ్యలో మానేసినవాళ్లు ఎందుకు మానేశారు? యూనివర్సిటీ ర్యాంకు కన్నా నేను వీటికే ఎక్కువ విలువిస్తాను.

ఉద్యోగాల సంగతి దాచను. మన దగ్గర ఈ సబ్జెక్టు పేరుతో ప్రకటన కనిపించదు. శుద్ధి ప్లాంట్లు కట్టే కంపెనీలు, ఎరువుల కంపెనీల పరిశోధన విభాగాలు, అధ్యాపక ఉద్యోగాలు, ఇవీ దారులు. పట్టా రాగానే పెద్ద ప్యాకేజీ కావాలనుకుంటే ఇది కాదు. ఈ ఏడాది అవకాశం రాకపోతే ఇక్కడే ఏదైనా ప్రాజెక్టులో జేఆర్‌ఎఫ్‌ (జూనియర్ రీసెర్చ్ ఫెలో)గా చేరొచ్చు. నెట్ లేదా గేట్ ఉంటే నెలకు 37,000 వస్తాయి.

అన్నట్టు, వాసన సంగతి కూడా ఉంది. ఒకరోజు పొద్దున్నే దగ్గర్లోని మురుగుశుద్ధి కేంద్రానికి వెళ్లి రమ్మనండి. మధ్యాహ్నం ఇంటికొచ్చి మామూలుగా అన్నం తినగలిగితే మీరు టెన్షన్ పడక్కర్లేదు.