అమెరికా ప్రేమకథలు రాస్తానంటున్న బీటెక్ అమ్మాయి: ఒక నాన్నగారి టెన్షన్‌కి జవాబు

ప్రశ్న: మాది హనుమకొండ. మా పాప సీఎస్‌ఈ ఫైనల్ ఇయర్, క్యాంపస్‌లో ఉద్యోగం కూడా వచ్చింది. ఇప్పుడు రచయిత్రిని అవుతానంటోంది. అదీ ఇంగ్లీషులో, 1880ల నాటి అమెరికాలో మగవాళ్ల పనులు చేసిన ఆడవాళ్ల మీద ప్రేమకథలు. అక్కడికే వెళ్లి ఎంఎఫ్‌ఏ (రచన నేర్పే పీజీ) చేస్తానని ఒకరోజు, హైదరాబాద్‌లో ఎంఏ ఇంగ్లీష్ చేస్తానని ఇంకోరోజు. మూడు నెలల్లో నవల రాయించి అమ్మించే ఆన్‌లైన్ కోర్సు ఒకటి చూసింది, ఫీజు 85 వేలు. తనకు తెలియకుండా లాప్‌టాప్‌లోంచి మొదటి చాప్టర్ ఫొటోలు తీసి పంపుతున్నాను. ఈ మూడింటిలో ఏది నయమో పోల్చి చెప్పండి. ఇలాంటివి రాస్తే రేపు మంచి సంబంధాలు వస్తాయా?

జవాబు: పోల్చి చెబుతాను గానీ, మీరు అడగదలుచుకున్నది ఆఖరి వాక్యమే కదండీ. యానిమేషన్ అన్నా, సైకాలజీ అన్నా, మర్చంట్ నేవీ అన్నా నా దగ్గరికి సలహాకి వచ్చే ఆడపిల్లల తల్లిదండ్రులు ముందు ఫీజులూ ప్యాకేజీలూ అడిగి, అన్నీ అయ్యాక లేచి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి ఇదే అడుగుతారు. అందుకే ముందు దీని సంగతి తేల్చేద్దాం. వస్తాయి. నవల రాసిందని వద్దనే ఇల్లు ఏదైనా ఉంటే అది పెళ్లయ్యాక తెలియడం కంటే ముందే తెలియడం మీకే మంచిది. ఇంకా బెంగగా ఉంటే కలం పేరు ఉండనే ఉంది, ఈ రంగంలో చాలామంది కలం పేరుతోనే రాస్తారు, మీ వాడకట్టులో ఎవరికీ తెలియాల్సిన పని లేదు. అయితే ఆ పేరు పెట్టుకోవాలో వద్దో నిర్ణయించాల్సింది మీ అమ్మాయి, మీరు కాదు.

రొమాన్స్ అన్న మాట వినగానే మీరు ఇంకేదో ఊహించుకున్నట్టున్నారు. కథకి ప్రేమే కేంద్రంగా ఉండాలి, చివర సుఖాంతం కావాలి, ఆ రకం నవలలకి పాఠకులు పెట్టిన షరతులు ఇవే. అందులో పడకగది ఎంత ఉండాలన్నది రచయిత ఇష్టం. ముద్దు దగ్గరే ఆగిపోయే నవలలకీ, చర్చికి వెళ్లే కుటుంబాలు చదువుకునే నవలలకీ అక్కడ ప్రత్యేకంగా పాఠకులున్నారు. పైగా మీ కాలంలో హాస్టల్ గదుల్లో మిల్స్ అండ్ బూన్ పుస్తకాలు చేతులు మారలేదా ఏమిటి?

ఇక ఆ చాప్టర్. మీరు చేసిన పని నాకు అస్సలు నచ్చలేదు, ఇరవై ఒక్కేళ్ల పిల్ల లాప్‌టాప్ తెరిచి ఫొటోలు తీయడం ఏమిటండీ? ఈ సంగతి ముందు మీరే తనకి చెప్పండి. ఇంకొకరి నోట వింటే ఆ తర్వాత మీకు ఒక్క పేజీ కూడా చూపించదు. పంపేశారు కాబట్టి చదివాను. మోంటానాలో ఒక చిన్న ఊరు, 1882, పత్రికాఫీసులో కంపోజిటర్‌గా, అంటే అచ్చు అక్షరాలు పేర్చే పనిలో ఉన్న అమ్మాయి. ఎడమచేతిలో కంపోజింగ్ స్టిక్, కుడిచేత్తో కేసులోంచి ఒక్కో సీసపు అక్షరం తీసి తలకిందులుగా పేరుస్తూ పోతుంటుంది, అక్షరాల వైపు చూడను కూడా చూడదు, ఏ అర ఎక్కడుందో వేళ్లకే తెలుసు. తప్పిపోయిన గుర్రం కోసం ప్రకటన వేయించడానికి వచ్చినవాడు ఆ వరసని చదవబోయి తడబడతాడు, ఆమె తల ఎత్తకుండానే గడగడా చదివేసి 'గుర్రం కంటే ముందు మీ స్పెల్లింగ్ దొరకాలి' అంటుంది. నేను నవ్వాను. మీరు కూడా ఒక సాక్ష్యంగా కాక ఒక కథగా ఇంకోసారి చదవండి, ఈసారి అడిగి.

ఒక్క తప్పుంది. వెనకగదిలో లైనోటైప్ యంత్రం, అంటే అక్షరాలు చేత్తో పేర్చే పని లేకుండా వరసకి వరస పోతపోసేది, ఉందని రాసింది. అది మొదటిసారి పనిలోకి దిగింది 1886లో, అదీ న్యూయార్క్‌లో ఒక పెద్ద పత్రికలో. 1882లో మోంటానాలో ఉండే అవకాశమే లేదు. ఇది చిన్న విషయమని కొట్టిపారేయకండి, చారిత్రక నవలలు చదివేవాళ్లు ఇలాంటివి పట్టుకోవడంలో మన ఇంటర్ పేపర్లు దిద్దే లెక్చరర్ల కంటే నిర్దయగా ఉంటారు. అయితే ఇది కోర్సుకి డబ్బు కడితే పోయే తప్పు కాదు, చదివితే పోయేది.

చదవడానికి కావలసినదంతా ఉచితంగా దొరుకుతోంది. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ల క్రానిక్లింగ్ అమెరికాలో ఆ కాలపు చిన్న ఊళ్ల పత్రికలు పేజీ పేజీ ఫొటోలుగా ఉన్నాయి, ప్రకటనల దగ్గర్నుంచి గొడవల దాకా. శాన్‌బోర్న్ మ్యాపులని అగ్నిప్రమాద బీమా కోసం గీసినవి ఉన్నాయి. ఊళ్లో కమ్మరి కొట్టు ఎక్కడ, ప్రెస్సు ఎక్కడ, ఏ గోడ చెక్కది, ఏ గోడ ఇటుకది అన్నీ తెలుస్తాయి. ప్రభుత్వం ఎవరికి ఎంత భూమి పట్టా ఇచ్చిందో అక్కడి భూనిర్వహణ శాఖ సైటులో పేరు కొట్టి వెతకొచ్చు. హనుమకొండలో మీ డాబా మీద కూర్చుని చూడొచ్చు ఇవన్నీ. దీనికి వీసా అక్కర్లేదు.

ఈ భూమి విషయం మీకు ఆసక్తిగా ఉంటుంది, వినండి. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం ఇరవై ఒక్కేళ్లు నిండిన పెళ్లికాని ఆడపిల్ల, విధవ, కుటుంబానికి పెద్దదిక్కుగా ఉన్న స్త్రీ తన పేరు మీద 160 ఎకరాలకి దరఖాస్తు పెట్టుకోవచ్చు, ఐదేళ్లు అక్కడే ఉండి సాగుచేస్తే పట్టా వస్తుంది. భర్త ఇంటిపెద్దగా ఉన్న ఇల్లాలు మాత్రం పెట్టుకోకూడదు. అంటే పెళ్లికి ముందు దరఖాస్తు పెట్టాలా, తర్వాతా అన్నది ఆ అమ్మాయికి 160 ఎకరాల ప్రశ్న. ప్రేమకథకి ఇంతకంటే గట్టి ముడి ఎక్కడ దొరుకుతుంది చెప్పండి?

నిజంగా బతికిన మనుషులకీ కొదవ లేదు. బానిసగా పుట్టిన మేరీ ఫీల్డ్స్ 1895లో, అరవై దాటాక, మోంటానాలోని కాస్కేడ్‌లో టపా బండి కాంట్రాక్టు దక్కించుకుంది. ఎస్తర్ మారిస్ 1870లో వయోమింగ్‌లోని సౌత్ పాస్ సిటీ అనే గనుల ఊళ్లో మేజిస్ట్రేటుగా కూర్చుంది, ఆ ప్రాంతం ఆడవాళ్లకి ఓటిచ్చింది అంతకు ముందు డిసెంబర్‌లోనే. అబిగైల్ స్కాట్ డనివే 1871లో పోర్ట్‌లాండ్‌లో సొంత పత్రిక పెట్టింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1868లోనే ఆడ కంపోజిటర్లు కలిసి సహకార ప్రెస్సు పెట్టుకున్నారు. ఆడవాళ్లని తక్కువ కూలికి పెట్టుకుంటే తమ కూలి పడిపోతుందని మగ కంపోజిటర్లకి భయం. ఆ భయంలో కొంత న్యాయం కూడా ఉంది, యజమానులు చేసింది అదే. మీ అమ్మాయి కథలో ఫోర్‌మన్ ఊరికే దుర్మార్గుడిలా ఉన్నాడు, ఈ సంగతి తెలిస్తే మనిషిలా అవుతాడు.

మన వైపు నుంచి ఒక దారి కూడా ఉంది, మీ అమ్మాయికి చెప్పి చూడండి. మహారాష్ట్ర నుంచి వెళ్లిన ఆనందీబాయి జోషి 1886లో ఫిలడెల్ఫియాలోని మహిళా వైద్య కళాశాలలో డాక్టర్ డిగ్రీ తీసుకుంది. అదే సంవత్సరం అదే కళాశాలలో చేరింది సుసాన్ లా ఫ్లెష్ అనే అమెరికా ఆదివాసీ అమ్మాయి, ఒమాహా తెగ. 1889లో క్లాసులో మొదటి స్థానంలో పాసై నెబ్రాస్కాలో తన వాళ్ల మధ్యకే వెళ్లి వైద్యం చేసింది. ఇందులో నవల ఉందో లేదో నేను చెప్పలేను గానీ, ఒక తెలుగమ్మాయి చూసినట్టు దీన్ని అక్కడివాళ్లు చూడకపోవచ్చు.

ఒక హెచ్చరిక కూడా. ఆ నేల ఖాళీగా ఏమీ లేదు. 1883–84 చలికాలంలో, అడవి దున్నలు అంతరించి, అందాల్సిన తిండి అందక, అదే మోంటానాలో బ్లాక్‌ఫీట్ తెగవాళ్లు వందల్లో ఆకలితో చనిపోయారు. మీ అమ్మాయి కథ జరిగేది దానికి ఏడాది ముందు. 2021లో అమెరికా రొమాన్స్ రచయితల సంఘం ఒక నవలకి అవార్డు ఇచ్చి, అందులో నాయకుడు 1890లో అమెరికా సైన్యం లకోటా ఆదివాసీలని చంపిన ఊండెడ్ నీ మారణకాండలో పాల్గొన్న సైనికుడని గొడవ రావడంతో వెనక్కి తీసుకుంది. వర్ణవివక్ష వివాదాల్లో సభ్యులు పలచబడి, 2024లో ఆ సంఘమే దివాలా పిటిషన్ వేసింది. కాబట్టి గౌనులూ గుర్రాలూ చాలవు, పిల్ల ఆ రెండో చరిత్ర కూడా చదవాలి.

ఇక డబ్బు. ఆ 85 వేల కోర్సు గురించి కొంచెం కోపంగానే రాస్తున్నాను, ఏమీ అనుకోకండి. ఏడాదిగా ఇలాంటి బ్రోషర్లు నా టేబుల్ మీద పేరుకుపోతున్నాయి, అన్నిటి మీదా ఒకటే మాట, పాసివ్ ఇన్‌కమ్, అంటే కూర్చున్న చోటికే వచ్చే ఆదాయం. 'మా స్టూడెంట్ బెస్ట్ సెల్లర్' అని స్క్రీన్‌షాట్ పెడతారు. అమెజాన్‌లో చిన్న ఉపవిభాగం చూసుకుని, చుట్టాలందరి చేతా ఒకే పూట కొనిపిస్తే కొన్ని గంటలపాటు ఆ ముద్ర రావచ్చు, మర్నాటికి ఉండదు. మూడు నెలల్లో నవల ఎలా వస్తుందని అడిగితే ఏఐ టూల్స్ అంటారు. అలా వచ్చిపడే పుస్తకాల వరద తట్టుకోలేకే కదా 2023లో అమెజాన్ రోజుకి మూడు కొత్త పుస్తకాలకి మించి వేయకూడదని పరిమితి పెట్టింది, ఏఐతో రాసింది ఉంటే చెప్పి తీరాలని కూడా అంది. రోజుకి మూడు నవలలు వేసేవాళ్లతో మీ అమ్మాయి వేగంలో పోటీ పడాలా? తన బలం అది కాదు, సీసపు అక్షరాల మీద వేళ్లు కదిలే ఆ పేరా తన బలం. ఆ డబ్బులో కొంత దాచి నవల పూర్తయ్యాక మంచి ఎడిటర్‌కి ఇస్తే వందరెట్లు నయం.

లెక్క కూడా చెబుతాను. అమెజాన్‌లో ఈ-బుక్ ధర 2.99 నుంచి 9.99 డాలర్ల మధ్య పెడితే అమెరికా అమ్మకాల మీద 70 శాతం రాయల్టీ, లేకపోతే 35. 3.99 పెడితే చేతికి సుమారు 2.70 డాలర్లు. మొదటి పుస్తకం వంద కాపీలు పోయినా చాలామందికి గొప్పే, అంటే పాతిక వేల రూపాయల లోపు మాట. దీని మీద ఎవరూ ఇల్లు నడపలేరు. నాలుగైదు పుస్తకాలయ్యాక, ఒకటి నచ్చినవాళ్లు మిగతావీ కొనడం మొదలయ్యాక కాస్త ఆదాయం కనిపిస్తుంది, అదీ కనిపిస్తే. సొంతంగా వద్దనుకుంటే మిల్స్ అండ్ బూన్ నవలలు వేసే హార్లెక్విన్ వాళ్లు ఏజెంటు లేకుండానే రాతప్రతులు తీసుకుంటారు. చారిత్రక నవలలు ఇప్పుడు తీసుకుంటున్నారో లేదో మాత్రం ముందు వాళ్ల సైటులో చూసుకోండి.

ఎంఎఫ్‌ఏ మీద నాకున్న అనుమానాలు వేరు. మంచి చదువే, ఫీజు మాఫీ చేసి స్టైపెండ్ ఇచ్చే చోట సీటొస్తే నేనే పంపమంటాను, కానీ అలాంటి సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ. ఎక్కువ చోట్ల నడిచేది సాహిత్య విలువల వర్క్‌షాపు. అక్కడ రొమాన్స్ అంటే మీలాగే ముఖం చిట్లించేవాళ్లుంటారు, ఆ విషయంలో మీరూ ఆ ప్రొఫెసర్లూ ఒకటే! సొంత డబ్బుతో, అప్పుతో మాత్రం వద్దే వద్దు. ఇంజనీరింగ్ ఎంఎస్ చేసినవాళ్లకి చదువయ్యాక ఓపీటీ అనే పని అనుమతి మీద మూడేళ్ల దాకా పని చేసుకునే వీలుంటే, ఎంఎఫ్‌ఏకి ఏడాదే. స్టూడెంట్ వీసా మీద అక్కడ ఉంటూ పుస్తకాలు అమ్ముకోవడం కూడా చిక్కు వ్యవహారమే. ఇక్కడ ఇంట్లో ఉండి అమ్ముకుంటే ఆ చిక్కే లేదు.

ఇఫ్లూలోనో హెచ్‌సీయూలోనో ఎంఏ ఇంగ్లీష్ ఈ మూడింట్లో ఖర్చు తక్కువది, లైబ్రరీలు బాగుంటాయి, నెట్ రాసి లెక్చరర్ కావాలన్న ఆలోచన ఉంటే సరైన దారి. నవల రాయడానికి మాత్రమే అయితే అవసరం లేదు.

మీరు అడగని నాలుగోది నాకు నచ్చింది. బీటెక్ పూర్తి చేసి, వచ్చిన ఉద్యోగంలో చేరి, పొద్దున గంటో రాత్రి గంటో రాసుకోవడం. నచ్చకపోతే హైదరాబాద్ కంపెనీల్లో టెక్నికల్ రైటర్ ఉద్యోగాలున్నాయి, సీఎస్‌ఈ చదివి ఇంగ్లీషు ఇంత బాగా రాసే పిల్ల వాటికి సరిపోతుంది. రెండేళ్లలో ఒక నవల పూర్తయితే అప్పుడు పై చదువుల మాట మళ్లీ మాట్లాడుకోవచ్చు. పూర్తి కాకపోతే? ఏమీ కాదు, ఉద్యోగం ఉంది, వయసు ఇరవై మూడు. మీరు రాత్రిళ్లు నిద్రపోకుండా ఆలోచించాల్సినంత ప్రమాదం ఈ కథలో ఎక్కడా లేదు, నిజం చెప్పాలంటే క్యాంపస్ ఉద్యోగం చేతిలో ఉండి, సొంతంగా ఒక ఇష్టం కూడా ఉన్న పిల్లని గురించి నాకు రాసే తల్లిదండ్రులు తక్కువ.

రాయడం మొదలయ్యాక ఒక కాగితం పని. అమెరికా వాళ్లు రాయల్టీలో 30 శాతం పన్ను కోస్తారు, అమెజాన్‌లో పన్ను వివరాలు నింపేటప్పుడు భారత్‌తో ఒప్పందం కింద అని పాన్ నంబర్ ఇస్తే అది 15కి తగ్గుతుంది. పాన్ కార్డు, బ్యాంకు అకౌంట్ రెండూ ఆమె పేరు మీదే ఉండాలి. ఇంట్లో అందరికీ ఒకే అకౌంట్ చాలుగా అని మీది ఇవ్వకండి.